కొత్త కారన్నారు.. దెబ్బ దాచి అమ్మారు! శ్రీకాకుళంలోనే కేసు వేయొచ్చా? డబ్బు ఎలా తిరిగొస్తుంది?

ఇలా అనుకుందాం. అరసవల్లిలో ఉంటున్న మీరు విశాఖపట్నంలోని ఒక షోరూమ్‌లో కారు కొన్నారు. ఆదివారం పొద్దున్నే సూర్యనారాయణ స్వామి గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి బండి కదిలించారు. నెల తిరిగేసరికి బంపర్‌కు చిన్న గీత పడింది. టింకరింగ్ షెడ్‌కు తీసుకెళ్తే, మేస్త్రీ పక్క డోర్‌ను వేలితో తట్టి చూసి అన్నాడు: "బాబూ, ఇది కొత్త బండేనా? ఈ డోరుకి లప్పం పెట్టి మళ్లీ రంగు కొట్టారు."

షోరూమ్‌కు ఫోన్ చేశారు. అటు నుంచి వచ్చే జవాబు మీరు ఊహించగలరు. "బండి బాగానే నడుస్తోంది కదా సార్. మీ దగ్గరే ఎక్కడో తగిలుంటుంది."

ఇక్కడే చాలామంది వెనక్కి తగ్గిపోతారు. విశాఖ దాకా తిరగాలి, లాయర్‌ను పెట్టుకోవాలి, బండి నడుస్తూనే ఉంది కదా, కేసు నిలబడుతుందా అన్న సందేహాలు వస్తాయి. ఈ మూడు భయాల్లో దేనికీ పెద్దగా ఆధారం లేదు. కేసు మీ జిల్లాలోనే వేయొచ్చు. లాయర్ తప్పనిసరి కాదు. బండి నడుస్తున్నా సరే, దెబ్బ సంగతి దాచడమే చట్టం దృష్టిలో తప్పు. కాకపోతే కేసు గెలవడం అన్నది విషయం తెలిసిన మొదటి కొన్ని రోజుల్లో మీరు ఏ కాగితాలు సంపాదించారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

చట్టం దేన్ని తప్పంటుంది?

ప్రస్తుతం అమల్లో ఉన్నది వినియోగదారుల రక్షణ చట్టం, 2019. ఇది 2020 జులై నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులో మీకు పనికొచ్చేవి ముఖ్యంగా మూడు.

ఒకటి: వస్తువు నాణ్యత, ప్రమాణం, ధర గురించి తెలుసుకునే హక్కు వినియోగదారుడికి ఉంటుందని సెక్షన్ 2(9) చెబుతోంది.

రెండు: కొనేవారికి చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని తొక్కిపెట్టడం కూడా సేవాలోపమేనని సెక్షన్ 2(11) చెబుతోంది. 'మేం చెప్పలేదు, మీరూ అడగలేదు' అన్న వాదన దీని ముందు బలహీనపడుతుంది.

మూడు: బాగు చేసిన, వాడిన, పాత సరుకును కొత్తదని చెప్పి అమ్మడం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఫ్యాక్టరీ నుంచి వస్తూ ట్రైలర్‌పై దెబ్బ తిన్న కారును రిపేర్ చేసి, టెస్ట్ డ్రైవ్‌కు తిప్పిన డెమో కారును తుడిచి, యార్డులో ఏడాది పైగా ఎండకు ఎండిన కారును కడిగి 'బ్రాండ్ న్యూ' అని అంటగడితే ఈ సెక్షన్ గుర్తు పెట్టుకోండి.

దెబ్బ తిన్న కారును అమ్మకూడదని చట్టం అనడం లేదు. ఫలానా చోట దెబ్బ తగిలింది, ఇలా బాగు చేశాం, అందుకే ఇంత తగ్గిస్తున్నాం అని రాసిచ్చి అమ్మితే అది మామూలు బేరమే. చెప్పకుండా పూర్తి ధర తీసుకుంటేనే తప్పవుతుంది.

షోరూమ్ విశాఖలో, మీరు అరసవల్లిలో.. కేసు ఎక్కడ?

పాత చట్టంలో అవతలి పార్టీ ఉన్న చోటో, వివాదం పుట్టిన చోటో వేయాల్సి వచ్చేది. 2019 చట్టం దీన్ని మార్చింది. సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా ఉద్యోగమో వ్యాపారమో చేసుకునే చోట కూడా కేసు వేయొచ్చు. అంటే కారు విశాఖలో కొన్నా, హైదరాబాద్‌లో కొన్నా అరసవల్లి వాసి శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌కే వెళ్లొచ్చు. నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి రావాల్సింది షోరూమ్ వాళ్లే.

కారుకు చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపుంటే జిల్లా కమిషన్, 50 లక్షల నుంచి 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. లెక్కలోకి తీసుకునేది మీరు చెల్లించిన ధర మాత్రమే, అడిగే పరిహారం కాదు. కాబట్టి మామూలు కుటుంబం కొనే కార్లన్నీ జిల్లా కమిషన్ పరిధిలోకే వస్తాయి.

ఫీజు కూడా ఎక్కువేం కాదు. చెల్లించిన ధర 5 లక్షల వరకు ఉంటే ఫీజు లేదు. 5 నుంచి 10 లక్షల వరకు 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షల వరకు 400, 20 నుంచి 50 లక్షల వరకు 1,000 రూపాయలు.

గడువు రెండేళ్లు. దెబ్బ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది అని వాదించే వీలుంది, ఆలస్యానికి సరైన కారణం చూపితే కమిషన్ మన్నించే వీలూ ఉంది. కానీ ఆ వాదన దాకా తెచ్చుకోవద్దు. కొన్న తేదీ నుంచే రెండేళ్లు లెక్కపెట్టుకుంటే ఏ చిక్కూ ఉండదు.

తెలిసిన వెంటనే చేయాల్సినవి

కోపంతో షోరూమ్‌కు వెళ్లి గొడవ పడే ముందు ఈ పనులు చేయండి.

• బండిని అలాగే ఉంచండి. అనుమానం ఉన్న భాగాన్ని విప్పించొద్దు, మళ్లీ పెయింట్ వేయించొద్దు. రిపేర్ చేయిస్తే మీ సాక్ష్యాన్ని మీరే చెరిపేసినట్టు.

• ఫొటోలు, వీడియో తీయండి. రంగు తేడా, డోర్ సందుల్లో తేడా, విప్పి బిగించినట్టు గీతలు పడ్డ బోల్టులు, ఓడోమీటర్ రీడింగ్, ఛాసిస్ నంబర్ అన్నీ కనిపించాలి.

• నిపుణుడితో రాయించుకోండి. మేస్త్రీ నోటిమాట కమిషన్‌లో చెల్లదు. లైసెన్సు ఉన్న మోటార్ ఇన్సూరెన్స్ సర్వేయర్‌తోనో, ఆటోమొబైల్ ఇంజినీర్‌తోనో తనిఖీ చేయించి, సంతకంతో రిపోర్టు తీసుకోండి. పెయింట్ మందం కొలిచే చిన్న మీటర్ ఉంటుంది. ఒక ప్యానెల్ మీద మందం మిగతా వాటికంటే బాగా ఎక్కువ చూపిస్తే మళ్లీ రంగు వేశారనడానికి అది గట్టి గుర్తు.

• సర్వీస్ చరిత్ర అడగండి. అదే కంపెనీకి చెందిన వేరే అధీకృత సర్వీస్ సెంటర్‌లో ఛాసిస్ నంబర్ మీద పాత జాబ్‌కార్డులు ఉన్నాయేమో కనుక్కోండి. మీకు డెలివరీ ఇచ్చిన తేదీకి ముందే బాడీ రిపేర్ జాబ్‌కార్డు ఉంటే మీ కేసుకు అంతకు మించిన సాక్ష్యం ఉండదు.

• కాగితాలన్నీ ఒక చోట పెట్టండి. బుకింగ్ రసీదు, ఇన్‌వాయిస్, సేల్ సర్టిఫికెట్ అంటే ఫారం 21, ఇన్సూరెన్స్ పాలసీ, డెలివరీ నోట్, సేల్స్ ఎగ్జిక్యూటివ్‌తో జరిగిన వాట్సాప్ సంభాషణ. ఫోన్ మార్చినా ఆ చాట్ పోకుండా చూసుకోండి.

• బ్యాంకు ఈఎంఐ ఆపొద్దు. అప్పు బ్యాంకుతో, తగాదా డీలర్‌తో. రెండూ వేర్వేరు. వాయిదా ఎగ్గొడితే దెబ్బ తినేది మీ క్రెడిట్ స్కోరే.

డీలర్‌కు ఏం రాయాలి?

ఫోన్‌లో మాట్లాడిన మాటలకు రుజువుండదు. ఈమెయిల్ చేయండి. కాపీ తయారీ కంపెనీ కస్టమర్ కేర్‌కూ పెట్టండి. భాష సూటిగా, ఇలా ఉంటే చాలు:

"ఫలానా తేదీన మీ దగ్గర ఫలానా మోడల్ కారు కొత్తదిగా, పూర్తి ధర చెల్లించి కొన్నాను. ఛాసిస్ నంబర్ ఇది. డెలివరీకి ముందే ఎడమ వైపు డోర్ దెబ్బ తిని, రిపేర్ అయినట్టు ఫలానా తేదీన చేసిన తనిఖీలో తేలింది. రిపోర్టు జతచేశాను. ఈ విషయం అమ్మేటప్పుడు నాకు చెప్పలేదు. డెలివరీకి ముందు తనిఖీ నివేదిక, ఈ వాహనం రవాణా రికార్డు, రిపేర్ రికార్డుల కాపీలు ఇవ్వండి. 15 రోజుల్లో కారు మార్చండి, లేదా డబ్బు తిరిగివ్వండి. లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను."

జవాబు రాకపోతే ఇదే విషయాన్ని నోటీసుగా స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. కేసు వేయడానికి ముందు నోటీసు ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. కానీ రికార్డులు అడిగినా డీలర్ ఇవ్వలేదన్న విషయం తర్వాత మీకే బలమవుతుంది.

మధ్యలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. 8800001915 నంబర్‌కు వాట్సాప్‌లోనూ ఫిర్యాదు పంపొచ్చు. వాళ్లు ఫిర్యాదును కంపెనీకి చేరవేసి, రాజీ కుదిర్చే ప్రయత్నం చేస్తారు. కొన్ని తగాదాలు అక్కడే తేలిపోతాయి. అయితే హెల్ప్‌లైన్ కోర్టు కాదు, ఆదేశాలు ఇవ్వలేదు. అక్కడ ఫిర్యాదు పెట్టినంత మాత్రాన రెండేళ్ల గడువు ఆగదు.

కమిషన్‌లో ఏం జరుగుతుంది?

ఫిర్యాదును నేరుగా కమిషన్ కార్యాలయంలో ఇవ్వొచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. ఇంతకు ముందు ఈ-దాఖిల్ పేరుతో ఉన్న సేవ ఇప్పుడు ఇందులో ఉంది. ఏం జరిగింది, ఏం కావాలి అన్నవి తేదీల వారీగా రాసి, అఫిడవిట్, కాగితాల కాపీలు జత చేయాలి. మీ కేసు మీరే వాదించుకోవచ్చు. వీడియో కాన్ఫరెన్స్‌లో విచారణకు అనుమతి కోరవచ్చు.

ఫిర్యాదును తీసుకోవాలా వద్దా అన్నది మామూలుగా 21 రోజుల్లో తేలుస్తారు. నోటీసు అందాక డీలర్ 30 రోజుల్లో జవాబివ్వాలి. కమిషన్ మరో 15 రోజులు ఇవ్వగలదు. అంతకు మించి ఒక్క రోజు కూడా ఇవ్వడానికి వీల్లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. డీలర్ వాయిదాలు అడుగుతుంటే ఈ 45 రోజుల లెక్క కమిషన్‌కు గుర్తు చేయండి.

లోపం పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే వాహనాన్ని నిపుణుల తనిఖీకి పంపమని మీరే అడగొచ్చు. చట్టం ప్రకారం మామూలు కేసు మూడు నెలల్లో, పరీక్ష అవసరమైన కేసు ఐదు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలి. వాస్తవంలో ఇంతకంటే ఎక్కువ సమయం పట్టొచ్చు. దానికి సిద్ధపడే దిగండి.

లాయర్ కావాలి, ఖర్చు భరించలేను అనుకుంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100.

ఏం అడగొచ్చు? ఏం వస్తుంది?

సెక్షన్ 39 ప్రకారం కమిషన్ లోపాన్ని సరిచేయమని, కారు మార్చమని, వడ్డీతో డబ్బు తిరిగివ్వమని, నష్టపరిహారం, కేసు ఖర్చులు చెల్లించమని ఆదేశించగలదు. అయితే ప్రతి కేసులోనూ కొత్త కారు రాదు. మారుతీ ఉద్యోగ్ సంస్థకు సంబంధించిన ఒక కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ కింద లోపమున్న భాగాన్ని మార్చడమే కంపెనీ బాధ్యత అని చెప్పి, మొత్తం కారు మార్చాలన్న కింది ఆదేశాన్ని సవరించింది.

అందుకే ఫిర్యాదును 'రిపేర్' చుట్టూ కాకుండా 'దాచడం' చుట్టూ రాయాలి. వారంటీ అన్నది భాగం పాడైతే మార్చే హామీ. మీ బాధ అది కాదు. నిజం చెప్పి ఉంటే నేను ఈ కారును ఈ ధరకు కొనేవాడినే కాదు అన్నది మీ వాదన. అడిగేటప్పుడు కూడా ఒకటే అడగొద్దు. మొదట డబ్బు వాపసు లేదా మార్పిడి, అది కుదరదంటే తగ్గిన విలువకు పరిహారం అని వరుసగా రాయండి. ఛాసిస్‌కు దెబ్బ తగిలితే మొదటిది బలంగా ఉంటుంది. ఒక్క ప్యానెల్‌కు రంగు వేసిన కేసులో రెండోదే దక్కే అవకాశం ఎక్కువ.

తీర్పుపై 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. డబ్బు చెల్లించమని ఆదేశం వచ్చిన డీలర్ అప్పీలుకు వెళ్లాలంటే అందులో సగం ముందే కట్టాలి. ఆదేశాన్ని పాటించకపోతే సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25 వేల నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

కేసు డీలర్ మీదా, కంపెనీ మీదా?

గోవాలో జరిగింది చూడండి. 2011లో ఒక వ్యక్తి టాటా డీలర్ దగ్గర కొత్త కారుకు డబ్బు కట్టారు. చేతికొచ్చింది 2009లో తయారై, అప్పటికే 622 కిలోమీటర్లు తిరిగిన బండి. వినియోగదారుల ఫోరాలు డీలర్‌తో పాటు టాటా మోటార్స్‌నూ బాధ్యుల్ని చేశాయి. 2021 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు టాటా మోటార్స్‌పై బాధ్యతను తొలగించింది. డీలర్ ఆ కంపెనీకి ఏజెంటు కాదు, సరుకు కొని అమ్ముకునే వేరే వ్యాపారి. డీలర్ చేసిన పని కంపెనీకి తెలుసని ఫిర్యాదులో ఎక్కడా లేదు, రుజువూ లేదు అన్నది కారణం.

దీన్నిబట్టి రెండు జాగ్రత్తలు. ఇద్దరినీ పార్టీలుగా చేర్చొచ్చు, కానీ కంపెనీ చేసిన తప్పేమిటో విడిగా రాయాలి. దెబ్బ ఫ్యాక్టరీ నుంచి వచ్చే దారిలో తగిలిందా, యార్డులోనా అన్నది మీకు తెలియదు కాబట్టి, ఆ రికార్డులు ఇద్దరి దగ్గరా ఉంటాయని చెప్పి తెప్పించమని కమిషన్‌ను కోరాలి.

పోలీస్ కేసు పెడితే?

చీటింగ్ కేసు పెడితే భయపడి డబ్బిస్తారు అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. కావాలని మోసం చేశారనడానికి గట్టి ఆధారముంటే భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 318 కింద ఫిర్యాదు చేయొచ్చు. కానీ అమ్మే సమయానికే మోసపు ఉద్దేశం ఉందని అక్కడ రుజువు చేయాలి. అది సులువు కాదు.

హైదరాబాద్ కేసు దీనికి ఉదాహరణ. అది దెబ్బ దాచిన కేసు కాదు, తయారీ లోపం ఆరోపణ. కానీ దారి ఎంత పొడవో చెబుతుంది. ఒక కంపెనీ 2009 సెప్టెంబరు 25న బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు కొంది. నాలుగు రోజులకే సమస్య, నవంబరులో మళ్లీ సమస్య. నవంబరు 16న చీటింగ్ సెక్షన్ల కింద ఎఫ్ఐఆర్ నమోదైంది. 2012 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చీటింగ్ కేసును కొట్టేస్తూనే, కొత్త కారు ఇవ్వమంది. తయారీ సంస్థ మార్చి ఇస్తామంది. ఫిర్యాదుదారు డబ్బే కావాలన్నారు. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. చివరికి 2024 జులై 10న, తుది పరిష్కారంగా 50 లక్షల రూపాయలు చెల్లించాలని కోర్టు ఆదేశించింది. కారు కొన్నప్పటి నుంచి దాదాపు 15 ఏళ్లు.

డబ్బు తిరిగి రావడం మీ లక్ష్యమైతే వినియోగదారుల కమిషనే మీ మొదటి గడప.

సెకండ్ హ్యాండ్ కారైతే?

వాడిన కార్లు అమ్మే వ్యాపారికీ ఇదే చట్టం వర్తిస్తుంది. తిరిగిన బండి కాబట్టి చిన్న గీతలు, అరుగుదల గురించి ఫిర్యాదు నిలబడదు. పెద్ద యాక్సిడెంట్, వరదలో మునక, ఓడోమీటర్ వెనక్కి తిప్పడం దాచితే మాత్రం నిలబడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో పెద్ద సంఖ్యలో వాహనాలు మునిగాయి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్లు చూసిన ఉత్తరాంధ్రకు నీళ్లలో నానిన బండి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగితే కనిపించే మట్టి చార, కార్పెట్ కింద తేమ వాసన, సీట్ల కింద పట్టాలకు తుప్పు దీని గుర్తులు.

ఎంపరివాహన్ యాప్‌లో యజమాని, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ గడువు వివరాలు కనిపిస్తాయి. యాక్సిడెంట్ చరిత్ర కనిపించదు. పాత ఇన్సూరెన్స్ పాలసీ చూపించమనండి. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి నో క్లెయిమ్ బోనస్ 20 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. నాలుగైదేళ్ల బండి పాలసీలో అది సున్నా ఉంటే, అంతకు ముందు ఏడాది క్లెయిమ్ అయ్యుండొచ్చు. ఎందుకు సున్నా అని అడగండి.

2023 ఏప్రిల్ నుంచి వాడిన వాహనాల డీలర్లు రవాణా శాఖ రిజిస్టరింగ్ అథారిటీ నుంచి ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలన్న కేంద్ర నిబంధనలు అమల్లోకి వచ్చాయి. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆ సర్టిఫికెట్ అడగండి. 'ఉన్నది ఉన్నట్టు కొంటున్నాను' అన్న కాగితంపై సంతకం పెట్టమంటే, పక్కనే 'యాక్సిడెంట్, వరద నష్టం లేదని విక్రేత చెప్పారు' అని రాయించుకోండి. రాయనంటే మీకు విషయం అర్థమైనట్టే.

ఇరుగుపొరుగు వారి దగ్గరో, తెలిసిన ఉద్యోగి దగ్గరో సొంత కారు కొంటే మాత్రం వినియోగదారుల కమిషన్ పనికిరాదు. వారు వ్యాపారి కాదు కాబట్టి, కాంట్రాక్టు చట్టం కింద సివిల్ కోర్టుకు వెళ్లాలి.

రిజిస్ట్రేషన్‌కు ముందు అరగంట

నంబర్ పడ్డాక కారు వెనక్కి ఇవ్వడం చాలా కష్టం. అందుకే పూర్తి డబ్బు కట్టి, రిజిస్ట్రేషన్ చేయించకముందే యార్డుకు వెళ్లి, మీకు కేటాయించిన కారును పగటి వెలుతురులో చూడండి. ఛాసిస్ నంబర్ ఫొటో తీసి ఇన్‌వాయిస్‌తో పోల్చండి. తయారైన నెల, సంవత్సరం, ఓడోమీటర్ రీడింగ్ రాసుకోండి. డెలివరీకి ముందు తనిఖీ నివేదిక కాపీ అడగండి. 'ఈ వాహనానికి ఎలాంటి రిపేర్, రీపెయింట్ జరగలేదు' అని ఒక్క వాక్యం ఈమెయిల్‌లో రాసివ్వమనండి.

శుభమా అని కారు కొంటూ ఈ అనుమానాలేమిటి అని ఇంట్లోవాళ్లు అనొచ్చు. ముహూర్తం దాటిపోతోందని షోరూమ్ వాళ్లూ తొందరపెట్టొచ్చు. ఆ ఒక్క వాక్యం మీ ఇన్‌బాక్స్‌లోకి వచ్చాకే సంతకం పెట్టండి. రేపు తేడా వస్తే మీ కేసులో మొదటి కాగితం అదే.